18650 సెల్‌లో 9900 పట్టదు

సంపాదకుడు గారికి,

ఈ-సిగరెట్లలో వేసే 18650 సెల్‌లను (రీచార్జి చేసుకునే లిథియం బ్యాటరీలు) ‘9900 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత), 40 ఆంపియర్లు’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి నమ్మకండి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవున్న ఆ డబ్బాలో అంత పట్టదు. పేరున్న కంపెనీల సెల్‌లే సాధారణంగా 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతాయి. పైగా సామర్థ్యం పెంచితే ఆగకుండా ఇవ్వగల కరెంటు తగ్గుతుంది. 40 ఆంపియర్లు అన్నది నిజమైనా చాలాసార్లు క్షణకాలపు అంకె మాత్రమే.

ప్రాణం మీదికి తెచ్చేది ఈ కరెంటు అంకే. సర్క్యూట్ రక్షణ లేని ‘మెకానికల్ మాడ్’ (సెల్‌ను నేరుగా కాయిల్‌కు కలిపే గొట్టంలాంటి ఈ-సిగరెట్)లో 0.15 ఓమ్‌ల కాయిల్ (వేడెక్కే తీగచుట్ట) బిగిస్తే, 4.2 వోల్టుల నిండు చార్జి మీద లెక్క ప్రకారం 28 ఆంపియర్లు లాగుతుంది. సెల్ అసలు శక్తి 10 ఆంపియర్లే అయితే కాలిపోయేంత వేడెక్కి లోపలి వాయువు ఎగజిమ్ముతుంది. అది బయటికి పోయే రంధ్రాలు లేకపోతే గొట్టమే పేలుతుంది.

సెల్ రాగానే తూచండి: 45 గ్రాములకు అటూఇటూ ఉండాలి. 30 గ్రాములే తూగితే వెనక్కి పంపేయండి. ప్లస్ మూత మీద వెల్డింగ్ చుక్కలు కనిపిస్తే అది పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌లోంచి ఊడదీసి కొత్త తొడుగు వేసినది కావచ్చు. తొడుగు చిరిగిన సెల్ అసలు వాడొద్దు. దాని ఒళ్లంతా మైనస్సే, ప్లస్ మూతకు దాని అంచు వెంట్రుకవాసి దూరం; రెండూ కలిస్తే షార్ట్ సర్క్యూటే.

విక్రేతలు నిరంతర కరెంటు ఎంతో, సెల్ తయారీదారు ఎవరో పేజీలోనే రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు