ఇక నుంచి ప్రతి నాణెం పక్కన రెండు ధరలు

మా దగ్గర బంగారు, వెండి నాణేలు కొనే అందరికీ,

ఈ నెల నుంచి మా జాబితాలో ప్రతి నాణెం పక్కన రెండు ధరలు ఉంటాయి. ఒకటి మేము అమ్మే ధర. రెండోది, అదే రోజు అదే నాణెం మీరు తెస్తే మేము ఇచ్చే ధర. ఇన్నాళ్లూ రెండోది అడిగినవాళ్లకే చెప్పేవాళ్లం. అడగనివాళ్లకు అమ్మడానికి వచ్చిన రోజునే తెలిసేది. అది పద్ధతి కాదని మాకు తెలుసు. చూపిస్తే బేరాలు తగ్గుతాయన్న భయంతో ఊరుకున్నాం.

ఆ భయం వదిలించింది ఒక పాత కస్టమర్. కెనడా వెండి నాణేలు మేపుల్ లీఫ్‌లు, ఒక ట్యూబు, అంటే 25 నాణేలు, అమ్ముదామని తెచ్చారు. ఆయన కొన్న తర్వాత వెండి పెరిగింది. నేను లెక్క కట్టి చెబితే, ఆయన పాత బిల్లు తీసి పక్కన పెట్టారు. రెండు అంకెలూ ఇంచుమించు ఒకటే. "వెండి పెరిగిందంటున్నారు, మరి నాకేం మిగిలిందండీ?" అన్నారు. కొన్నప్పుడే నేను చెప్పి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

సంగతేమిటంటే, నాణెం ధరలో లోహం విలువ మీద ప్రీమియం, అంటే అదనపు మొత్తం, ఉంటుంది. మింట్ (నాణేలు ముద్రించే టంకశాల) పని ఖర్చు, రవాణా, బీమా, మా లాభం అన్నీ అందులోవే. ఒక ఔన్సు (31.1 గ్రాములు) వెండి నాణెం ముద్రించినా, ఒక ఔన్సు బంగారు నాణెం ముద్రించినా పనిలో పెద్ద తేడా ఉండదు. బంగారం ఖరీదు ముందు ఆ ఖర్చు ఆనదు, వెండి మీద మాత్రం బరువుగా పడుతుంది. లోహం విలువ 100 అనుకోండి. వెండి నాణేన్ని 120కి అమ్మి 97కి తిరిగి కొంటే, వెండి దాదాపు 24 శాతం పెరిగితేగానీ మీ అసలు మీకు రాదు. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలే. అసలువి జాబితాలో చూడండి, స్పాట్ ధరతో, అంటే లోహానికి ఆ పూట మార్కెట్లో ఉన్న ధరతో, పాటు మారుతుంటాయి.

బంగారంలోనూ చిన్న నాణేల సంగతి ఇంతే. ఔన్సులో పదో వంతు నాణేలు పది కొనేకంటే ఒక ఔన్సు నాణెం ఒకటి కొంటే ప్రీమియం బాగా తగ్గుతుంది. అవసరానికి కొద్దికొద్దిగా అమ్ముకునే వీలు చిన్నవాటితోనే ఉందన్నది నిజమే. కానీ వాటిని మేము గట్టిగా సిఫారసు చేసింది అందుకొక్కటే కాదు, మాకు మిగిలేది వాటి మీదే ఎక్కువ.

రంగులద్దిన నాణేలు, పెట్టె, సర్టిఫికెట్‌తో వచ్చే ప్రూఫ్ నాణేలు (సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా మెరిసేలా ముద్రించినవి) పెట్టుబడి అనుకుని కొనకండి. వాటిని తిరిగి కొంటే మేమిచ్చేది లోహం విలువే. ముచ్చటపడి కొనుక్కుంటే అది వేరే విషయం. నేనూ చైనా పాండా నాణేలు దాచుకుంటాను, దాదాపు ఏటా బొమ్మ మారుతుందని. అన్నట్టు, అంతకుముందు ఔన్సు ఉండే పాండా బరువు 2016 నుంచి 30 గ్రాములే, 31.1 గ్రాముల ట్రాయ్ ఔన్సు కాదు. అది మరిచి మా కుర్రాడు ఒకసారి ఔన్సు లెక్కన డబ్బిచ్చేశాడు. నష్టం మాదే.

దక్షిణాఫ్రికా బంగారు నాణెం క్రూగర్‌రాండ్ 22 క్యారెట్లే కదా, బంగారం తక్కువేమో అని చాలామంది అడుగుతున్నారు. తక్కువ కాదు. నాణెం మొత్తం బరువు 33.93 గ్రాములు, అందులో మేలిమి బంగారం ఒక ఔన్సు పూర్తిగా ఉంటుంది. గట్టిదనం కోసం కలిపిన రాగి దానికి అదనం.

మరో తప్పు కూడా ఒప్పుకోవాలి. కొంతకాలం మేము నాణేలు మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఇచ్చాం. అది పీవీసీ అని మేము చూసుకోలేదు. అలాంటి ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ చివికి, నాణెం మీద పచ్చటి జిగురు వదులుతుంది. మా సంచుల వల్ల అలా అయినవాటిని మేమే శుభ్రం చేసి, గట్టి క్యాప్సూల్‌లో పెట్టి ఇస్తాం, డబ్బు తీసుకోం. మీరు మాత్రం గుడ్డతో రుద్దకండి, గీతలు పడితే ఇక పోవు. వెండి మీద పాలచుక్కల్లా వచ్చే తెల్ల మచ్చలు వేరు. అవి తయారీ దశలోనే మొదలవుతాయి. వాటిని తగ్గించడానికే కెనడా మింట్ 2018 నుంచి మేపుల్ లీఫ్‌కు ప్రత్యేకమైన రక్షణ ప్రక్రియ వాడుతోంది. ఆ మచ్చలున్నాయని మామూలు బులియన్ నాణేలకు (లోహం విలువ కోసం కొనేవాటికి) మేము ధర తగ్గించం.

ఆ కస్టమర్ చివరికి 10 నాణేలు అమ్మి, మిగతా 15 ఇంటికి తీసుకెళ్లారు. పాత సంచులు ఇంకా మీ దగ్గరుంటే వాటితో సహా తీసుకురండి. నాణేలు మేమే బయటికి తీస్తాం.