కంట్లో చిప్పు పెట్టేముందు, చెడితే బాగుచేసేదెవరో తేల్చండి

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. 2025 అక్టోబరులో ప్రైమా అనే రెటీనా (కంటి వెనకుండే తెర) చిప్పు ట్రయల్ ఫలితాలు వచ్చాక ఓపీల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: అది మనకెప్పుడొస్తుంది? ఆశపడటంలో తప్పులేదు. ట్రయల్‌లో ఏడాది పూర్తిచేసిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంత మెరుగుపడింది. ఆ చిప్పు 2 మిల్లీమీటర్ల చదరం, 30 మైక్రాన్ల మందం, 378 పిక్సెళ్లు. కళ్లద్దాల కెమెరా చూసినదాన్ని ఇన్‌ఫ్రారెడ్ కాంతిగా చిప్పు మీద వేస్తారు. పిక్సెళ్లు దాన్ని కరెంటుగా మార్చి, ఇంకా బతికున్న రెటీనా కణాలను తట్టిలేపుతాయి. కంట్లో బ్యాటరీ లేదు, వైరూ లేదు.

కానీ ఇది వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) క్షీణత వల్ల నడిమి చూపు పోయినవారి కోసం చేసింది. వాళ్లకైనా కనబడేది నలుపు తెలుపుల్లో అక్షరాలు, మాటలు. మనవరాలి ముఖం పోల్చుకోగలరని ఎవరూ మాటివ్వకూడదు. గ్లకోమాతో కంటినరం దెబ్బతిన్నవారికి రెటీనా చిప్పు ఏదైనా ఒకటే: హుద్‌హుద్‌ తుఫానుకు కరెంటు స్తంభాలు కూలిన వీధిలో కొత్త బల్బు బిగించినట్టు. ఆపరేషనూ చిన్నదేం కాదు. ట్రయల్‌లో చిప్పు పెట్టించుకున్న మొత్తం 38 మందిలో 19 మందికి కంటి ఒత్తిడి పెరగడంలాంటి తీవ్ర ఇబ్బందులొచ్చాయి; చాలావరకు రెండు నెలల్లోపే సర్దుకున్నాయి.

మా అసలు భయం కంపెనీల ఆయుష్షు గురించి. ఇంతకుముందు వచ్చిన మరో రెటీనా చిప్పు, 60 ఎలక్ట్రోడ్ల ఆర్గస్-2కు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ధర సుమారు లక్షన్నర డాలర్లు. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా పెట్టించుకున్నారు. దాన్ని చేసిన కంపెనీవాళ్లు 2019లో తయారీ ఆపేశారు, మరుసటేడు సిబ్బందిలో ఎక్కువమందిని పంపేశారు. నడుముకు కట్టుకునే ప్రాసెసరో, కేబులో పాడైతే, కంట్లో చిప్పు భేషుగ్గా ఉన్నా మళ్లీ చీకటే. జర్మనీలో ఆల్ఫా అనే ఇంకో రెటీనా చిప్పు చేసిన కంపెనీ 2019లోనే మూతపడింది. ప్రైమాను అభివృద్ధి చేస్తూ వచ్చిన ఫ్రెంచి కంపెనీ దివాలా తీస్తే 2024లో వేరే సంస్థ కొన్నది.

ఇంకో చిక్కుంది. చిప్పున్న మనిషి పక్షవాతంతో రాత్రి క్యాజువాలిటీకి వస్తే, మోడల్ ఏదో, ఎన్ని టెస్లాల (అయస్కాంత బలం కొలత) వరకు ఫర్వాలేదో తెలియకుండా ఎమ్మారై తీయరు. చేతిలో చిప్పు వివరాల కార్డు లేకపోతే, ఫోన్ చేయడానికి కంపెనీయే లేకపోతే?

లైసెన్సు కేంద్ర సంస్థ చేతిలో ఉందని మాకూ తెలుసు. కానీ ప్రభుత్వాసుపత్రిలో ట్రయల్ పెట్టినా, వైద్య పరికరాలు తయారయ్యే పెదగంట్యాడ మెడ్‌టెక్ జోన్‌లో తయారీకి చోటిచ్చినా షరతులు మీరు పెట్టొచ్చు. పదేళ్ల విడిభాగాలకు, అవసరమైతే చిప్పు తీసేసే ఆపరేషన్‌కు అయ్యే డబ్బు ముందే బ్యాంకులో డిపాజిట్ చేయించండి. సాఫ్ట్‌వేరు, డ్రాయింగులు మూడో సంస్థ దగ్గర పెట్టించండి. కంపెనీ మూసేస్తే అవి ప్రభుత్వం చేతికి రావాలి. ప్రతి అయిదుగురికీ ఒక సెట్టు అదనపు కళ్లద్దాలు, ప్రాసెసరు విశాఖలోనే ఉండాలి. మన ఉప్పుగాలికి కనెక్టర్లు ఎంతకాలం ఆగుతాయో ఇక్కడే పరీక్షించాలి. అంగీకారపత్రం తెలుగులో ఉండాలి, కుటుంబానికి చదివి వినిపించాలి. నెలల తరబడి శిక్షణ ఇవ్వనిదే చిప్పు వృథా. ఆ శిక్షకుల జీతాలూ లెక్కలో చూపించాలి.

చిప్పు వచ్చేదాకా చేయదగ్గవీ ఉన్నాయి. మేనరికాలున్న ఇళ్లలో పిల్లలకు రేచీకటి కనిపిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా (వంశపారంపర్యంగా రెటీనా క్షీణించే జబ్బు) ఏమో చూసి, జన్యు సలహా ఇప్పించాలి. జిల్లా ఆసుపత్రుల్లో భూతద్దాలు, తెల్లకర్రలు స్టాకుండాలి, ఫోన్‌లో తెరమీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ నేర్పే మనిషి ఒకరుండాలి. వీటికి కేంద్రం అనుమతి అక్కర్లేదు, మీ జీవో చాలు.

ఇట్లు,
రెటీనా, లో విజన్ విభాగాల్లో పనిచేస్తున్న వైద్యులు, పునరావాస సిబ్బంది,
విశాఖపట్నం