ఫోన్‌లో ఉన్న వరస రోడ్డు మీద ఎక్కడ సార్? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విజయవాడలో యాప్ క్యాబ్‌లు నడుపుకునే డ్రైవర్లం నమస్కరించి రాసుకుంటున్నది. రైల్వేస్టేషన్ దగ్గర మా బండ్లు నిలుపుకోవడానికి చోటు చూపించమని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాం. మూడోదానికి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ రోజు కూడా మెయిన్ గేటు ముందు ఒక్క బండిని రెండు నిమిషాలు ఆగనివ్వలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

యాప్‌లో వరస ఎలా పడుతుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మ్యాప్ మీద ఒక హద్దు ఉంటుంది, అందులోకి ముందొచ్చిన బండికి ముందు బుకింగ్. హద్దు దాటి బయటికి పోతే వరస పోతుంది. విమానాశ్రయాల్లో ఈ పద్ధతి నడుస్తున్నదంటే అక్కడ బండి పెట్టుకోవడానికి స్థలం ఉంది గనక. స్టేషన్ ముందు అది లేదు. ట్రాఫిక్ వాళ్లు విజిల్ వేస్తారు, కదలాలి. వాళ్లను తప్పుపట్టం, అది బస్సులూ ఆటోలూ పోవాల్సిన రోడ్డు. కానీ ఆ కదలడంతోనే మా పొద్దంతా పోతోంది. గంటన్నర కాచుకుని మూడో నంబరుకి వచ్చినవాడు ఒక్క చుట్టు తిరిగొచ్చేసరికి ముప్ఫయ్యో నంబరు. కదలకపోతే చలానా. రెండిట్లో ఏది ఎంచుకోమంటారు?

వరస లేని యాప్‌ల్లో ఇంకో బాధ. అవి దగ్గరున్న బండికి బుకింగ్ వేస్తాయి. ఆ దగ్గర ఎలాంటిదో చూడండి. ప్రయాణికుడు మెయిన్ గేటు వైపు ఉంటాడు, బుకింగ్ స్టేషన్‌కి అవతల తారాపేట వైపున్న బండికి పడుతుంది. మ్యాప్‌లో మధ్యన ఉన్నది రెండు వేళ్ల దూరమే. నిజానికి మధ్యలో ఉన్నది పది ప్లాట్‌ఫారాలూ పట్టాలూ. లోబ్రిడ్జి కింద నుంచి చుట్టి రావాలి, వాన పడిందంటే అక్కడ నీళ్లు. ఈలోగా ప్రయాణికుడు విసిగిపోయి క్యాన్సిల్ చేస్తాడు. మెయిన్ గేటు ముందే ఉన్న బండికి మాత్రం ఏదీ పడదు. దీన్ని చూసి కొందరు దొంగ లొకేషన్ చూపించే యాప్‌లు వేసుకుంటున్నారు. ఇంట్లో కూర్చుని స్టేషన్ ముందున్నట్టు కనిపిస్తారు. నిజంగా ఎండలో నిల్చున్నవాడు వాళ్ల వెనకపడతాడు.

ఎండంటే గుర్తొచ్చింది. మే నెలలో అద్దం దగ్గర స్టాండుకి పెట్టిన ఫోన్ ముట్టుకుంటే కాలుతుంది. ముందు తెర మసకబారుతుంది, తర్వాత చార్జింగ్ ఎక్కడం ఆగిపోతుంది, ఆఖరికి యాప్ దానంతటదే మూసుకుపోతుంది. మళ్లీ తెరిచేసరికి వరస కింది నుంచి మొదలు. ఫోన్ చల్లగా ఉండాలంటే ఏసీ వెయ్యాలి, ఏసీ వెయ్యాలంటే ఇంజిన్ నడవాలి. నిలబడ్డ బండికి గంటకి దాదాపు లీటరు పెట్రోలు పోతుంది. కిరాయి రాకముందే ఆ డబ్బు ఖర్చయిపోతుంది.

ఇంతా అయ్యాక బుకింగ్ పడిందనుకోండి. చాలామంది రైలు దిగకముందే, అది ఇంకా స్టేషన్ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర ఉండగానే బుక్ చేస్తారు. ఆరో ప్లాట్‌ఫారం మీద దిగి, సామాన్లతో వంతెనెక్కి, జనంలోంచి గేటు దాకా రావడానికి పది నిమిషాలు తక్కువ పట్టదు. యాప్ ఇచ్చే ఉచిత వెయిటింగ్ అందులో సగం కూడా ఉండదు. ఆ పది నిమిషాలూ మాకు నిల్చునే చోటు లేదు. ‘ఎక్కడున్నారు?’ ‘మీరెక్కడున్నారు?’ అని ఫోన్లు, మళ్లీ ఒక చుట్టు. చివరికి ఎక్కిన పెద్దమనిషి బస్టాండు దాకా అంటే రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. దించి తిరిగొస్తే మళ్లీ చివరి నంబరే. వద్దని క్యాన్సిల్ చేస్తే రేటింగ్ పోతుంది, ఐడీ బ్లాకవుతుంది.

2025 జూలైలో కేంద్రం అగ్రిగేటర్లకు, అంటే యాప్ క్యాబ్ కంపెనీలకు, ఇచ్చిన మార్గదర్శకాలు మీ దగ్గర ఉన్నాయి. బేస్ ఫేర్, అంటే మొదటి కిరాయి, కనీసం 3 కిలోమీటర్లకు ఉండాలని, సొంత బండి నడిపేవాడి చేతికి కిరాయిలో కనీసం 80 శాతం రావాలని అందులో ఉంది. సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే కిరాయిలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు కట్టాలనీ ఉంది. మరి బండి ఆపుకోవడానికి చోటు లేకపోవడం సరైన కారణమా, కాదా? ఆ ఒక్క మాట మీరు రాసిస్తే చాలా గొడవలు ఆగుతాయి.

మేం అడిగేది పెద్ద కట్టడం కాదు సార్. ఒక కారుకి వచ్చిపోయే దారితో కలిపి 25 చదరపు మీటర్లు చాలు. 40 కార్లకు వెయ్యి చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్లు. స్టేషన్‌కి నడిచి వచ్చేంత దగ్గరలో ఉండాలి. లోపలికి వచ్చిన టైము గేటు దగ్గర నంబరు ప్లేటు చూసి రాసుకుంటే దొంగ లొకేషన్లు పనిచెయ్యవు. గేటు ముందు ఎక్కించుకోవడానికి ఆరు గళ్లు గీయండి. ఒక్కో బండికి నాలుగు నిమిషాలు పట్టినా గంటకి 90 బండ్లు కదులుతాయి. ప్రయాణికుడికి ఫలానా బండి అని కాకుండా ఒక పిన్ ఇచ్చి, ముందున్న బండి ఎక్కేలా చేస్తే ఫోన్లతో పనే ఉండదు. మూడు కిలోమీటర్ల లోపు కిరాయికి వెళ్లి వెంటనే తిరిగొచ్చినవాడికి పాత నంబరు ఉంచాలి. యాప్ కంపెనీలను కూర్చోబెట్టి ఇవి చేయించగలిగింది లైసెన్సు ఇచ్చే మీ శాఖే. మరుగుదొడ్డి, మంచినీళ్లు కూడా ఉంటే మీకు రుణపడి ఉంటాం.

స్థలం గురించి అడిగితే రైల్వే వాళ్లు గేటు బయటిది మాది కాదంటారు, బయటివాళ్లు లోపలిది మాది కాదంటారు. ఆ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టడం మా వల్ల కాదు, మీ వల్ల అవుతుంది. దయచేసి ఈసారి మెసేజ్ పంపొద్దు. ఆ పాతిక సెంట్లు ఎక్కడో చూపించండి, గీతలు మేమే గీసుకుంటాం.

ఇట్లు,
విజయవాడ యాప్ క్యాబ్ డ్రైవర్లు