రోజు విడిచి వచ్చే జ్వరం, కషాయానికి దక్కే పేరు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పుటలో మలేరియాకు నేలవేము కషాయం చిట్కా చదివాను. ముప్పై ఏళ్లు మన్యంలో గాజు పలకల మీద రక్తపు చుక్కలు చూసినవాణ్ణి, ఊరుకోబుద్ధి కాలేదు.

ఆకుకు నేను విరోధిని కాను. నేడు మలేరియాకు వాడే బలమైన మందు ఆకులోంచి వచ్చిందే. చైనా శాస్త్రవేత్త తూ యూయూ 4వ శతాబ్దపు వైద్యగ్రంథంలో ఒక్క వాక్యం దగ్గర ఆగారు. చింఘావ్ అనే మూలిక ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని అందులో ఉంది. కాచమని లేదు! వేడికి గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడికే మరిగే ద్రావకం ఈథర్‌తో సారం తీస్తే ఎలుకల్లో మలేరియా క్రిమి పూర్తిగా పోయింది. ఆ సారంలోంచి వేరుచేసిందే ఆర్టెమిసినిన్. 2015లో నోబెల్ వచ్చింది. మనమేమో ఆ కథే చెప్పి మళ్లీ కాచుకు తాగమంటున్నాం. కషాయంలోకి మందు ఎంత దిగిందో కాచినవారికీ తెలియదు. చాలీచాలని మోతాదుకు క్రిమి మొండికెత్తుతుంది. చింఘావ్ ఆకును టీగానో పొడిగానో మలేరియాకు వాడడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సమర్థించకపోవడం అందుకే.

మన దేశంలోనూ పరీక్షించి చూశారు. ఏడాకులపాల, కటుకరోహిణి, గచ్చకాయ వంటివాటితో చేసిన ఆయుర్వేద మందు ఆయుష్-64 మొదట మలేరియా కోసమే పుట్టింది. మలేరియాలో ఒక రకమైన వైవాక్స్ సోకిన రోగుల్లో, వాడుకలో ఉన్న మలేరియా మందు క్లోరోక్విన్‌తో పోల్చినప్పుడు దానితో నయమైంది దాదాపు సగం మందికే.

మరి జనం ఎందుకు నమ్ముతారు? వైవాక్స్ జ్వరం ఒకరోజు వణికించి మర్నాడు దానంతటదే విడుస్తుంది. మధ్యలో తాగిన కషాయానికి పేరు దక్కుతుంది. ఒక సంత రోజున ఓ తండ్రి బిడ్డను భుజాన వేసుకొచ్చి, “కషాయానికి తగ్గింది బాబూ, మళ్లీ వచ్చింది” అన్నాడు. అప్పటికి ఐదు రోజులైంది. అదృష్టం, అది వైవాక్స్. ప్రాణాంతక రకమైన ఫాల్సిపారం అయితే అన్నాళ్లు ఆగకపోవచ్చు, మెదడుకు ఎక్కవచ్చు.

వచ్చే ఆదివారం అదే పుటలో ఇది వేయండి: జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష. ఆశా కార్యకర్త వేలి నుంచి చుక్క తీస్తే అరగంటలోపే తేలుతుంది, డబ్బు అక్కర్లేదు. వైవాక్స్ అని తేలి డాక్టరు ప్రైమాక్విన్ రాస్తే, జ్వరం తగ్గినా 14 రోజులూ మింగాలి. కాలేయంలో దాగిన క్రిములు దానితో చస్తాయి. గర్భిణులకు మాత్రం ఆ మాత్ర ఇవ్వరు.

నేలవేముకు రంగుల బొమ్మ వేశారు. దీనికీ ఒకటి వేయండి.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, పాడేరు