ఫార్వర్డ్ చేసేముందు ఒక్క వాక్యం రాయండి

సంపాదకులకు నమస్కారం.

సోషల్ మీడియాలో సమాచారం ఎక్కువైపోయిందని అందరం అంటూనే ఉన్నాం. నా బాధ అది కాదు, ఆ రద్దీలో మనిషి మాట అడుగున పడిపోతోంది. ఒకే గ్రూపులో వరసగా శుభోదయాలు, వీడియోలు, ఎవరు రాశారో తెలియని ఆరోగ్య సలహాలు, వాటి మధ్యలో ఎక్కడో "రేపు నాన్నకు ఆపరేషన్" అని ఒకరి కబురు. చూడకుండానే దాటిపోతాం. ఒక్కరూ పలకరించలేదని ఆ మనిషి మనసు కష్టపెట్టుకుంటారు, మిగతావాళ్లకేమో అసలు విషయమే తెలియదు.

సమాచారం పెరిగేకొద్దీ మన శ్రద్ధ కరువవుతుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించారు, అప్పటికి ఈ ఫోన్లూ లేవు, గ్రూపులూ లేవు. ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ 2009లో వచ్చింది. అప్పటినుంచి జవాబు రాయాల్సిన చోట కూడా ఒక బొమ్మ నొక్కేసి ఊరుకోవడం అలవాటైపోయింది.

ఫార్వర్డ్‌ల సంగతి ఇంకా ఘోరం. అప్పటికే చాలామంది చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ పరిమితి పెట్టింది. ఆ తర్వాత అలాంటివి 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. అంత చిన్న అడ్డంకికే ఆగిపోయాయంటే, పంపేవాళ్లలో చాలామందికి అది చెప్పి తీరాలన్న పట్టుదలేమీ లేదనే కదా! చేతికి అందింది కాబట్టి పంపారు, అంతే.

అలాగని సోషల్ మీడియా వద్దని నేననను. అరుదైన జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కడెక్కడి నుంచో ఒకరినొకరు వెతుక్కుని, ఏ మందు పడింది, ఏది పడలేదు, రాత్రి నిద్రపట్టనప్పుడు ఏం చేశారు అని చెప్పుకుంటున్నది ఇక్కడే. వినపడనివాళ్లు దూరాన ఉన్న స్నేహితులతో వీడియో కాల్‌లో సైగలతో గంటలకొద్దీ మాట్లాడుకోగలుగుతున్నారు. ఇంత విలువైన సాధనాన్ని చెత్తతో నింపేస్తున్నామే అన్నదే నా ఆవేదన.

అందుకే పాఠకులను ఒక్కటి అడుగుతున్నాను. ఏదైనా పంపేముందు అది ఎందుకు పంపుతున్నారో మీ సొంతంగా ఒక్క వాక్యం రాయండి, రాయడానికి ఏమీ తోచకపోతే పంపకండి. గ్రూపు అడ్మిన్లు కూడా కష్టసుఖాల కబుర్లకు వేరే గ్రూపు పెట్టి, అందులో ఫార్వర్డ్‌లు వద్దని ముందే చెప్పేయండి. ఎవరైనా నొచ్చుకుంటారేమో అన్న మొహమాటం ఈ ఒక్క విషయంలో వద్దు.

ఇట్లు,
ఒక పాఠకురాలు