నీతి పాఠం ముందు ఎవరికి?

సంపాదకులు గారికి,

యువతలో శీలం, ఆధ్యాత్మికత అడుగంటాయనీ, చదువుతోనే వాటిని మళ్లీ నిలబెట్టాలనీ మన ప్రాంత పెద్దలు సభ పెట్టి వాపోయిన వార్త మీ జిల్లా పేజీలో చూశాను. ఆ రోజే రాయవలసింది. కొబ్బరి దింపు పనిలో పడి ఆలస్యమైంది. ఈలోగా కోపం చల్లారుతుందనుకున్నాను, చల్లారలేదు.

తప్పంతా సెల్‌ఫోనుదేనని వక్తలు తేల్చేశారు. చాలా సంతోషం. సంక్రాంతి మూడు రోజులూ ఇలాంటి పెద్దలు ఎక్కడ కనిపిస్తారో డెల్టాలో తెలియనిది ఎవరికి? జంతుహింసపై 1960 చట్టం ఉంది, జూదంపై 1974 చట్టం ఉంది, హైకోర్టు ఆదేశాలూ ఉన్నాయి. అయినా కోడిపందేల బరుల చుట్టూ గ్యాలరీలు లేస్తాయి, ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి, నాయకుల ఫ్లెక్సీలు స్వాగతం పలుకుతాయి. పక్కనే గుండాట అనే జూదం. బడికి సెలవు గనుక పిల్లలంతా అక్కడే ఉంటారు. ఎనిమిదో తరగతి కుర్రవాడు ఏ పుంజు మీద ఎంత కాశారో నోటి లెక్కన చెప్పేస్తాడు. వాడికి ఫోను నేర్పిన పాఠమా అది?

బడి సంగతీ చెబుతాను. మా అమ్మాయి చదివే ఉన్నత పాఠశాల టైంటేబుల్‌లో నైతిక విలువల పీరియడ్ ఉంది. కాగితం మీద మాత్రమే ఉంది. పదో తరగతి సిలబస్ పూర్తి కాలేదని లెక్కల మాస్టారు దాన్ని ఎప్పుడో తీసేసుకున్నారు. ఆయనను అనడానికి లేదు, నూటికి నూరు శాతం ఉత్తీర్ణత రాకపోతే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. విలువలు తగ్గాయని ఏ ప్రధానోపాధ్యాయుడికీ ఇంతవరకు నోటీసు వచ్చినట్టు వినలేదు.

ఈ సలహాలూ కొత్తవి కావు. 1959లో వేసిన శ్రీప్రకాశ కమిటీ, రోజూ కొద్ది నిమిషాల మౌన ధ్యానంతో బడి మొదలుపెట్టమంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ వారానికి ఒకటి రెండు పీరియడ్లు కేటాయించమంది. 2020 జాతీయ విద్యా విధానమూ విలువల గురించి మాట్లాడింది. మన కాకినాడ ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల కోసం ప్రభుత్వం 2024లో సలహాదారుగా నియమించింది. ఆయన మాట మా ఇంట్లోనూ వింటాం. కానీ ఆయన చెప్పింది పిల్లలు విని బయటికి వచ్చేసరికి, దానికి పూర్తిగా వ్యతిరేకంగా నడిచే ఊరు వాళ్లకు ఎదురవుతుంది. దానికి సలహాదారు ఏం చేయగలరు? ఇక పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణలో ఉంది. మరి బడిలో ఏం చేయమంటున్నారో వక్తల్లో ఒక్కరూ వివరంగా చెప్పినట్టు మీ వార్తలో లేదు.

ఆ వివరం కావాలంటే కాకినాడ వైపు చూస్తే చాలు. పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బ్రహ్మసమాజ భక్తుడు. ఆ భక్తి ఆయన నోట్లోనే ఉండిపోలేదు. అనాథ పిల్లలకు ఆశ్రయంగా, దళిత విద్యార్థులకు వసతి గృహంగా మారింది. ఆయన శిష్యులకు వేరే పీరియడ్ అక్కరలేకపోయింది. లంకల గన్నవరంలో వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పుడు మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. మంచిదే. ఆ భోజనాల బంతిలో ఏ పేట పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటున్నారో ఏ అధికారి అయినా ముందుగా చెప్పకుండా వచ్చి ఒక పూట చూశారా?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే విషయంలో అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి, ఇంటర్నెట్ ఆపేశారు. కేసుల్లో ఇరుక్కున్నవారిలో కుర్రవాళ్లు ఎందరో. వాళ్లను ఎగదోసిన పెద్దమనుషులు ఆనాడు ఇళ్లలో భద్రంగా ఉన్నారు, నేడు మైకుల ముందు భద్రంగా ఉన్నారు. మన బడులు ఆ పిల్లలకు పక్కవాడిని గౌరవించడం నేర్పలేదంటే ఒప్పుకుంటాను. ఊళ్లో ఎవరు నేర్పారో కూడా చెప్పమనండి.

రాస్తున్నాను గనుక ఇదీ రాస్తాను. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మా ఊరి గ్రంథాలయంలో బీరువాకు తాళం, తలుపుకు తాళం. పిల్లలు సాయంత్రం వెళ్లి కూర్చోవడానికి అరుగు తప్ప చోటు లేదు. కాలువ సంగతి సరేసరి. ఏటా కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తాం, కాలువలకు నీళ్లు ఆపేశాక అడుగున తేలే చెత్త చూస్తే మన భక్తి ఏపాటిదో తెలుస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు. అప్పుడు ఘాట్లకు రంగులు వేస్తారు లెండి.

మరో సభ పెట్టే ముందు, విలువల పీరియడ్ నిజంగా ఎన్ని బడుల్లో జరుగుతోందో విద్యాశాఖ అధికారులు లెక్క తీసి మీ పత్రికకు ఇవ్వాలి. మా గ్రంథాలయం తాళం తీయించాలి. ఆనాటి వక్తలు వచ్చే సంక్రాంతికి బరుల దరిదాపులకు రాబోమని మీ పత్రిక ముఖంగా రాసి ఇస్తే, మా అమ్మాయి నీతి పుస్తకానికి నేనే అట్ట వేసి బడికి పంపుతాను.

— ఒక విద్యార్థిని తండ్రి,
అంబాజీపేట మండలం, కోనసీమ