తల్లి తిండినే తప్పుపట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పుట్టిన బిడ్డ రెండు కిలోలో, రెండుంబావో తూగితే మన ఇళ్లలో మొదటి మాట తల్లి మీదికే పోతుంది. "చెప్తే వింటేగా, సరిగ్గా తింటేగా" అంటారు. నేను కాన్పుల వార్డులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సుని. అత్త అలా అంటుంటే పచ్చి బాలింత గోడవైపు తిరిగి పడుకోవడం ఎన్నోసార్లు చూశాను. రక్తహీనత, బీపీ, కవలలు, వెంటవెంటనే కాన్పులు కూడా కారణాలే. కానీ హైదరాబాద్ చుట్టూ ఫ్యాక్టరీలుండే జీడిమెట్ల, బొల్లారం, కాటేదాన్ బస్తీల నుంచి వచ్చే గర్భిణి తొమ్మిది నెలలూ ఎలాంటి గాలి పీల్చిందో ఎవరూ అడగరు.

2.5 కిలోలకు తక్కువగా పుట్టిన బిడ్డకు ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, పాలు లాగే ఓపిక ఉండదు, ఇన్‌ఫెక్షన్ ఇట్టే అంటుకుంటుంది. గాలిలో ఉండే పీఎం 2.5 అనే సన్నటి నుసి ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలుస్తుంది. కడుపులో బిడ్డకు తల్లి రక్తం నుంచి ఆహారం, ప్రాణవాయువు అందించేది మాయ. ఆ మాయలో బిడ్డ వైపున కూడా మసి రేణువులు ఉన్నట్టు 2019లో బెల్జియం పరిశోధకులు చూపించారు. మాయ దెబ్బతింటే తల్లి ఎంత తిన్నా బిడ్డకు అందేది తగ్గిపోతుంది.

ఈ నుసి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితాలో హైదరాబాద్, దాని పక్కనే ఫ్యాక్టరీలుండే పటాన్‌చెరు రెండూ ఉన్నాయి.

రాత్రి పది దాటాక ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన వస్తే మా కాలనీలో కిటికీలు మూసుకుంటాం. సందు చివర రేకుల ఇంట్లో ఉండే ఏడో నెల గర్భిణి ఏం మూసుకుంటుంది? పైకప్పుకీ గోడకీ మధ్య జానెడు సందు. పక్కనే ఖాళీ ప్లాటులో ప్లాస్టిక్, పాత టైర్లు కాలుస్తుంటారు.

గర్భిణి కార్డులో బరువు, బీపీ, హిమోగ్లోబిన్ రాస్తున్నాం. కట్టెల పొయ్యి ఉందా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా, దగ్గర్లో ఫ్యాక్టరీ ఉందా, చెత్త కాలుస్తారా అని కూడా ఆశా కార్యకర్తతో అడిగించి రాయించండి. పుట్టిన బిడ్డల బరువులను బస్తీలవారీగా తీసి ఏటా బయటపెట్టండి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు పగలు వచ్చి వెళ్తే ఆ వాసన దొరకదు, దయచేసి రాత్రిపూట రండి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, జీడిమెట్ల, హైదరాబాద్